ఏడాది లెక్క, నాలుగు రోజుల పరీక్ష

డీపీ వరల్డ్ టూర్ చాంపియన్‌షిప్‌తో యూరప్ కేంద్రంగా సాగే పురుషుల ప్రొఫెషనల్ గోల్ఫ్ సీజన్ ముగుస్తుంది. ఏటా నవంబరులో దుబాయ్‌లోని జుమేరా గోల్ఫ్ ఎస్టేట్స్‌లో, ఎర్త్ కోర్సు మీద ఈ పోటీ జరుగుతుంది. ఆ మైదానం జెబెల్ అలీ తీరానికి దూరంగా, ఒకప్పుడు ఇసుక తప్ప మరేమీ లేని లోపలి నేల మీద ఉంది. మెట్రోలో జెబెల్ అలీ దగ్గర చీలి ఎక్స్‌పో వైపు వెళ్లే మార్గంలో దీని పేరుతోనే ఒక స్టేషన్ కనిపిస్తుంది.

పోటీ పేరులోని డీపీ వరల్డ్ జెబెల్ అలీ రేవును నడిపే సంస్థ. ఆ రేవు 1979లో మొదలైంది, దాన్ని ఆనుకున్న ఫ్రీజోన్ 1985లో ఏర్పడింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచీ, కోస్తా జిల్లాల నుంచీ వచ్చిన తెలుగువాళ్లు ఎందరో ఆ గోదాముల్లో, కర్మాగారాల్లో, కార్యాలయాల్లో పనిచేస్తున్నారు. పని దినాల్లో వాళ్లు తిరిగే దారులకు కొద్ది దూరంలోనే ప్రపంచంలోని గొప్ప గోల్ఫ్ ఆటగాళ్లు ఏటా తమ సంవత్సరపు లెక్క తేల్చుకుంటారు. ఊరివాళ్లకు గోల్ఫ్ దూరపు ఆటగా కనిపించినా, ఈ పోటీ అడిగే ప్రశ్న ఏ వృత్తిలో ఉన్నవారికైనా తెలిసినదే. ఏడాది పొడవునా చూపిన నిలకడ గొప్పదా, పరీక్ష రోజున చూపిన నేర్పు గొప్పదా?

యూరోపియన్ టూర్ సీజన్‌ను ఒక పెద్ద పోటీతో ముగించే ఆనవాయితీ దుబాయ్ కంటే పాతది. 1988 నుంచి 2008 వరకు ఆ స్థానం వోల్వో మాస్టర్స్‌ది. అది స్పెయిన్‌లో, ఎక్కువగా వాల్డెరామా మైదానంలో జరిగేది. 2009లో ముగింపు పోటీ దుబాయ్‌కి వచ్చింది. ఏడాది మొత్తం ఆటను బట్టి ఆటగాళ్లకు ర్యాంకు ఇచ్చే ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ జాబితా అప్పుడే ‘రేస్ టు దుబాయ్’ అయింది. మొదట కోటి డాలర్ల బహుమతి నిధి ప్రకటించినా, ప్రపంచ ఆర్థిక సంక్షోభం వల్ల తొలి ఏడాదే అది 75 లక్షలకు తగ్గింది. 2009 నవంబరు 22న పోటీ ముగిసింది. మూడు రోజులకే డీపీ వరల్డ్ మాతృసంస్థ దుబాయ్ వరల్డ్ అప్పుల చెల్లింపు వాయిదా కోరి ప్రపంచ మార్కెట్లను కుదిపేసింది. అంతటి ఒడుదుడుకులోనూ పోటీ నిలబడింది. 2012లో డీపీ వరల్డ్ ప్రధాన స్పాన్సరుగా వచ్చింది. 2022 సీజన్ నుంచి యూరోపియన్ టూరే డీపీ వరల్డ్ టూర్‌గా పేరు మార్చుకుంది. బహుమతి నిధి 2022లో కోటి డాలర్లకు చేరింది, అందులో 30 లక్షలు విజేతవి.

పోటీ నియమం సులువుగా అర్థమవుతుంది. గురువారం నుంచి ఆదివారం దాకా రోజుకు 18 హోల్స్ చొప్పున మొత్తం 72 హోల్స్ ఆడాలి. అందరికంటే తక్కువ దెబ్బల్లో ముగించినవాడు విజేత. ఒక్కో హోల్‌కు మంచి ఆటగాడికి ఎన్ని దెబ్బలు పడతాయో ముందే నిర్ణయిస్తారు, దాన్ని పార్ అంటారు. పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, ఒకటి ఎక్కువైతే బోగీ. మామూలు పోటీల్లో రెండు రోజుల తర్వాత వెనకబడినవాళ్లను ఇంటికి పంపేస్తారు. ఇక్కడ ఆ కోత ఉండదు, ఎందుకంటే కోత అంతా ముందే జరిగిపోయింది. రేస్ టు దుబాయ్ జాబితాలో పైన ఉన్నవారికే ప్రవేశం. మొదట్లో 60 మందిని పిలిచేవారు, ఇప్పుడు 50 మందినే. 2024 నుంచి పై 70 మంది ముందువారం అబుదాబిలో ఆడతారు, ఆ తర్వాత మిగిలిన 50 మంది దుబాయ్ చేరతారు.

అందువల్ల ఆదివారం సాయంత్రం ఇద్దరు విజేతలు తేలుతారు. ఒకరు ఆ నాలుగు రోజుల పోటీ గెలిచినవారు, మరొకరు ఏడాది జాబితాలో మొదటి స్థానం దక్కించుకున్నవారు. ఇద్దరూ ఒకరే కావచ్చు, కాకపోవచ్చు. వెనక వరుసలోని ఆటగాళ్లకూ ఆ సాయంత్రం ముఖ్యమే. అమెరికా టూర్‌లో అప్పటికే స్థానం లేనివారిలో జాబితాలో పైన నిలిచిన పదిమందికి మరుసటి ఏడాది అక్కడ ఆడే హక్కు దక్కుతుంది. పదో స్థానానికీ పదకొండో స్థానానికీ మధ్య తేడా ఒక్క పుట్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే ఒక్క చిన్న దెబ్బ, కావచ్చు.

ఎర్త్ కోర్సును ఆస్ట్రేలియా ఆటగాడు గ్రెగ్ నార్మన్ రూపొందించాడు. పార్ 72, పొడవు సుమారు 7,700 గజాలు. దూరంగా కొట్టగలిగినవారికి అది కొంత అనుకూలమే. అయితే మైదానం అసలు స్వభావం చివరి హోల్స్‌లో బయటపడుతుంది. 17వ హోల్ పార్ 3, దాని గ్రీన్ (గుంట ఉండే నున్నటి పచ్చిక) దగ్గర నీళ్లు ఉంటాయి. 18వది పార్ 5, పొడవు సుమారు 620 గజాలు. దాని ఫెయిర్‌వే (బంతి సాగే పచ్చిక దారి) మధ్యలో ఒక నీటి పాయ సాగుతుంది. ఆట మొదలుపెట్టే టీ మీద నిలబడ్డ ఆటగాడు మొదటి దెబ్బకే ఒక నిర్ణయం తీసుకోవాలి. తెగించి కొడితే రెండో దెబ్బలో గ్రీన్ చేరే అవకాశం, ఈగిల్ ఆశ ఉంటాయి. బంతి కాస్త పక్కకు పోతే నీళ్లపాలై ఒక దెబ్బ జరిమానా పడుతుంది. జాగ్రత్తగా కొడితే మూడు దెబ్బల్లో గ్రీన్ చేరి ఒక పుట్‌తో బర్డీ చేయవచ్చు. ఆధిక్యంలో ఉన్నవాడికి ఒక దారి సరైనది, వెనకబడ్డవాడికి మరొకటి. లీడర్‌బోర్డు చూసి, గాలి చూసి, సంచి మోసే సహాయకుడు కేడీ చేతిలోని కొలతల పుస్తకం చూసి ఆ క్షణంలో తేల్చుకోవాలి. ఈ పోటీ చరిత్రలో పెద్ద ఘట్టాలు చాలావరకు ఆ ఒక్క హోల్ మీదే జరిగాయి.

ఆటకు ముందు ఆ నేలను నిలబెట్టే పని గురించి చెప్పుకోవాలి. 1988లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లో మజ్లిస్ కోర్సు తెరిచేదాకా దుబాయ్‌లో పచ్చగడ్డి గోల్ఫ్ మైదానం లేదు. ఇసుకలో నూనె కలిపి గట్టిపరిచిన నేల మీదే పుట్ చేసేవారు. ఇప్పుడు గల్ఫ్ మైదానాల్లో పెరిగే బెర్ముడా గడ్డి మన పొలం గట్ల మీది గరిక కుటుంబానిదే. వినాయక చవితికి తెచ్చే గరికను ఆఫ్రికా జాతి గడ్డితో సంకరం చేసి ఈ రకాలను తయారుచేశారు. ఎండనూ ఉప్పునూ తట్టుకునే గుణం దానికి ఉంది. చలి మొదలైతే దాని రంగు తగ్గుతుంది కాబట్టి చాలాచోట్ల శరత్కాలంలో రై గడ్డి విత్తనాన్ని పైన చల్లుతారు. దుబాయ్‌లో పచ్చికలకు శుద్ధి చేసిన మురుగునీటిని వాడటం మామూలు. జెబెల్ అలీలోని శుద్ధి కేంద్రం ఆ నీటికి పెద్ద ఆధారం.

నవంబరులో టీవీలో కనిపించే ఆ పచ్చదనం నవంబరులో తయారైనది కాదు. 45 డిగ్రీల వేసవిలో నీటి గొట్టాలు సరిచూసి, గడ్డి వేళ్లు కాపాడి, గ్రీన్‌ను మిల్లీమీటర్ల లెక్కన కత్తిరించిన చేతుల పని అది. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఎమిరేట్స్ చట్టం చెబుతుంది. మిగిలిన గంటల్లోనే మైదానాన్ని బతికించాలి. గల్ఫ్‌లో ఈ తోటపని చేసేవారిలో దక్షిణాసియా కార్మికులు ఎక్కువ, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. వారిదీ ఏడాది పొడవునా నిలకడే, వారి పనికీ పరీక్ష ఆ నాలుగు రోజులే.

2009 నుంచి 2025 వరకు ఈ పోటీ 17 సార్లు జరిగింది. ఏడుసార్లు మాత్రమే ఆ వారపు విజేతే ఏడాది విజేత అయ్యాడు: 2009లో లీ వెస్ట్‌వుడ్, 2012, 2015, 2024లలో రోరీ మెకిల్‌రాయ్, 2013లో హెన్రిక్ స్టెన్సన్, 2019లో జాన్ రామ్, 2021లో కాలిన్ మోరికావా. మిగిలిన పదిసార్లూ రెండు కిరీటాలు ఇద్దరికి దక్కాయి. నిలకడ, నేర్పు వేర్వేరు విద్యలని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అలాగని వారపు గెలుపు అదృష్టమూ కాదు. రామ్, మెకిల్‌రాయ్, మాథ్యూ ఫిట్జ్‌పాట్రిక్ మూడేసి సార్లు, స్టెన్సన్ రెండుసార్లు గెలిచారు. 17లో 11 టైటిళ్లు నలుగురివే. ఒకే మైదానం కొందరినే మళ్లీ మళ్లీ ఎంచుకుంటోందంటే అక్కడ ఏదో పరీక్షకు నిలిచే విద్య ఉన్నట్టే.

రెండూ ఒకేచోట కలిసిన సంవత్సరాలు చూడదగ్గవి. తొలి పోటీలో వెస్ట్‌వుడ్ పార్ కంటే 23 తక్కువలో ముగించి ఆరు దెబ్బల తేడాతో గెలిచాడు. అదే ఊపులో జాబితాలోనూ యువ మెకిల్‌రాయ్‌ని దాటేశాడు. 2012లో ఆఖరి రోజు జస్టిన్ రోజ్ 62 దెబ్బల్లో ముగించి మైదానం రికార్డు నెలకొల్పాడు. అయినా మెకిల్‌రాయ్ చివరి ఐదు హోల్స్‌లో ఐదు బర్డీలు చేసి అతన్ని దాటాడు. 2013లో స్టెన్సన్ పార్ కంటే 25 తక్కువలో ముగించాడు. అదే ఏడాది అమెరికా టూర్ ఏడాది టైటిల్ ఫెడెక్స్ కప్ కూడా గెలిచి, ఆ రెండూ ఒకే సీజన్‌లో సాధించిన తొలి ఆటగాడయ్యాడు.

చిన్న పొరపాటు పెద్ద మూల్యం అడిగిన సందర్భాలూ ఉన్నాయి. 2010లో ఇయాన్ పౌల్టర్, రాబర్ట్ కార్ల్‌సన్ సమంగా నిలిచి ప్లేఆఫ్ ఆడారు. రెండో అదనపు హోల్‌లో పౌల్టర్ గ్రీన్ మీద గుర్తుగా పెట్టిన నాణెం మీద చేతిలోని బంతి జారిపడి అది కదిలింది. నియమం ప్రకారం ఒక దెబ్బ జరిమానా పడింది, టైటిల్ కార్ల్‌సన్‌ది అయింది. జరిగింది చెప్పి జరిమానా ఒప్పుకోవడం గోల్ఫ్ మర్యాద, పౌల్టర్ ఆ మర్యాద నిలబెట్టాడు. 2021లో ఆధిక్యంతో ఆఖరి రోజు మొదలుపెట్టిన మెకిల్‌రాయ్ 15వ హోల్‌లో కొట్టిన బంతి నేరుగా జెండా కర్రకు తగిలి వెనక్కి దొర్లి బంకర్‌లో పడింది. మంచి దెబ్బకే బోగీ వచ్చింది, ఆ తర్వాత ఆట కుదరలేదు. మోరికావా గెలిచి, రేస్ టు దుబాయ్ సాధించిన తొలి అమెరికన్ అయ్యాడు.

డానీ విల్లెట్ కథ మరో రకం. 2016లో గోల్ఫ్ ప్రధాన టోర్నీల్లో ఒకటైన మాస్టర్స్ గెలిచిన ఈ ఇంగ్లిష్ ఆటగాడు ఆ తర్వాత గాయాలతో, తప్పిన స్వింగ్‌తో ర్యాంకింగ్స్‌లో వందల స్థానాలు జారిపోయాడు. రెండున్నరేళ్ల పైచిలుకు గెలుపన్నది లేదు. 2018లో ఈ మైదానమే అతనికి మళ్లీ తొలి విజయం ఇచ్చింది.

ఈ పోటీకి తగిన ఆటగాడు అని ఒకరి పేరు చెప్పాలంటే ఫిట్జ్‌పాట్రిక్ పేరు చెప్పాలి. దూరం కొట్టడంలో అతను అగ్రశ్రేణివాడు కాడు. కుర్రతనం నుంచి పోటీల్లో కొట్టిన ప్రతి దెబ్బనూ నమోదు చేసుకోవడం అతని అలవాటు. ఎంత దూరం నుంచి కొట్టాడో, బంతి ఎక్కడ ఆగిందో రాసుకుని, ఎక్కడ దెబ్బలు పోతున్నాయో లెక్కగట్టి సాధన చేస్తాడు. 2016లో 22 ఏళ్ల వయసులో 18వ హోల్ బర్డీతో గెలిచాడు. 2020లో మళ్లీ గెలిచాడు. 2025లో అతను ముందు నిలిచి చూస్తుండగా మెకిల్‌రాయ్ చివరి హోల్‌లో ఈగిల్ చేసి స్కోరు సమం చేశాడు. ప్లేఆఫ్ కోసం మళ్లీ అదే 18వ హోల్. మెకిల్‌రాయ్ మొదటి దెబ్బ నీటిలో పడింది. ఫిట్జ్‌పాట్రిక్ తొందరపడకుండా పార్‌తో ముగించి మూడోసారి గెలిచాడు.

ఆ సాయంత్రమే మెకిల్‌రాయ్ ఏడోసారి ఏడాది విజేత అయ్యాడు. ఆరుసార్లు గెలిచిన సెవె బాలెస్టరోస్‌ను దాటాడు. అతనికి ముందు ఎనిమిదిసార్లు గెలిచిన కాలిన్ మాంట్‌గోమరీ ఒక్కడే ఉన్నాడు. మూడుసార్లు వారపు విజేత అయిన ఫిట్జ్‌పాట్రిక్‌కు మాత్రం ఏడాది కిరీటం ఇంతవరకు దక్కలేదు. వారిద్దరిలో ఒకరు గొప్ప, ఒకరు తక్కువ అనడం అన్యాయం.

భారతీయులకు సీజన్ ముగింపు పోటీ గెలిచిన చరిత్ర ఉంది. జీవ్ మిల్ఖా సింగ్ 2006లో వాల్డెరామాలో వోల్వో మాస్టర్స్ గెలిచాడు. శుభాంకర్ శర్మ 2018లో యూరోపియన్ టూర్ ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. దుబాయ్ టైటిల్ మాత్రం ఇంకా భారతీయుడి చేతికి రాలేదు. గోల్కొండ కోట పక్కనా, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనూ మైదానాలున్న తెలుగు నేలకు ఆ 50 మంది జాబితాలో తన పేరు చూసుకోవాలన్న ఆశ ఉండటం సహజం. ఆ ఆశ తీరాలంటే గోల్ఫ్ క్లబ్బుల గేట్లు కేడీల పిల్లలకూ, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకూ తెరుచుకోవాలి.

ఏడాది నిలకడ ఆటగాణ్ని ఈ మైదానం దాకా తెస్తుంది. ఆదివారం 18వ హోల్‌లో గెలిపించేది అప్పటికప్పుడు తీసుకునే సరైన నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకునే బలం కూడా ఏడాది పొడవునా చేసిన సాధన నుంచే వస్తుంది. ఈ పోటీ 17 ఏళ్లుగా రుజువు చేస్తున్నది అదే.