కదిలే చెక్కకు విడిచిన చోటు
గోదావరి ఎగువ అడవుల నుంచి తెప్పలుగా రాజమహేంద్రవరానికి దిగివచ్చిన టేకు డెల్టా ఇళ్లకు ద్వారబంధాలుగా, దూలాలుగా, వీధి అరుగుల మీది బల్లలుగా మారిన క్రమంలో, అక్కడి వడ్రంగి నేర్పులో అతి తక్కువ గుర్తింపు పొందినది చెక్క కదలికకు అతడు విడిచే సందు. కోసి ఆరబెట్టిన తరువాత కూడా చెక్క వానకాలపు గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, వడగాలికి దానిని వదిలి కుదించుకుపోతుంది. అయితే ఈ మార్పు పొడవునా దాదాపు శూన్యం కాగా, అడ్డంగా, ముఖ్యంగా చెట్టు వయసు వలయాల వెంబడి, అత్యధికం. నిలకడకు పేరుపడ్డ టేకులో సైతం, వలయాలకు ఒరుసుకునేలా కోసిన 30 సెంటీమీటర్ల వెడల్పు పలక, దానిలోని తేమ 4 శాతం మారితే సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. అంచులన్నీ మేకులతో బిగించినంత మాత్రాన పలక కదలడం మానదు, పగులుతుంది.

అందువల్ల అనుభవజ్ఞుడు బల్ల చేస్తూ పలకల మధ్య సందు విడిచేటప్పుడు నెలను కూడా లెక్కలోకి తీసుకుంటాడు: వైశాఖపు ఎండలో ఆరిన చెక్క అయితే కాస్త ఎడంగా, శ్రావణంలో అయితే దాదాపు ఆనించి పెడతాడు. అడుగున వేసే అడ్డుపట్టీని నడుమ మాత్రమే గట్టిగా బిగించి, అంచుల దగ్గర స్క్రూ రంధ్రాన్ని పలక కదిలే దిశలో కోలగా తొలచడం ఇంకా సూక్ష్మమైన పని. నున్నగా చిత్రిక పట్టిన పైభాగం కన్నా, ఎవరికీ కనిపించని ఈ రంధ్రమే పనితనాన్ని ఎక్కువగా చెబుతుంది. కాలికీ పట్టీకీ మధ్య కూసాన్ని, అంటే ఒక కొయ్య కొసను సన్నగా చెక్కి మరొకదాని తొలిలో దిగగొట్టే అతుకును, మాత్రం బిర్రుగానే దించవచ్చు, ఎందుకంటే అంత తక్కువ వెడల్పులో కదలిక లెక్కలోకి రాదు.