అన్వయము కుదరని సమన్వయము

ప్రభుత్వపు విధానపత్రమును కావ్యమువలె ముందుంచుకొని విమర్శించుట చదువరులలో కొందఱికి వింతగా దోచవచ్చును. మన పిల్లల యన్నమును, ఆరోగ్యమును, చదువును నిర్ణయించు వాక్యములను ప్రబంధములంత శ్రద్ధతో చదువువారు లేకపోవుట నాకు అంతకంటె వింతగా నున్నది. పద్యములో యతి తప్పినయెడల పదిమంది పండితులు కలములు పట్టుదురు. లక్షలకొలది బాలబాలికలకు సంబంధించిన వాక్యములో కర్తయే లేకపోయినను అదేమని యడుగువారు కనబడరు.

నేనిక్కడ దీసికొన్నది 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానములో రెండవ ప్రకరణము చివర నున్న చిన్న భాగము. ఆకలితోను రోగముతోను ఉన్న పిల్లలు చక్కగా నేర్చుకొనజాలరనియు, కావున మధ్యాహ్నభోజనముతోపాటు ఉదయమున పుష్టికరమైన యల్పాహారము కూడ మేలు చేయుననియు, పిల్లలందఱికి ఆరోగ్యపరీక్షలు జరిపి పత్రములు వ్రాసి యుంచవలెననియు, శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలను, సలహాదారులను పాఠశాలలలో ప్రవేశపెట్టవలెననియు అందలి తాత్పర్యము. ఉత్తమమైన భావము. పాఠశాల యనగా అక్షరములు దిద్దించు కొట్టము మాత్రమే కాదు, బిడ్డకును వైద్యునికిని, తల్లికిని ప్రభుత్వమునకును నడుమ నుండు ముంగిలి యని యొప్పుకొన్న వాక్యములు మన విధానగ్రంథములలో నరుదు. ఇందుకు ఆ పత్రకర్తలను మెచ్చుకొనవలసినదే.

అయిన నన్వయము చేసి చూడుడు. సంస్కృతము చదువుకొన్నవారికి గురువు మొదట నేర్పునది అదియే. శ్లోకము చేతబట్టినతోడనే క్రియ యేది, కర్త యెవరు, దేనిచేత, ఎవరికొఱకు, దేనినుండి, ఎక్కడ అని యడిగి పదములను వరుసకు దెత్తుము. ఈ భాగములో కర్మ గలదు: భోజనము, పరీక్ష, ఆరోగ్యపత్రము. సంప్రదానము గలదు: బిడ్డ. అధికరణము గలదు: పాఠశాల. కర్త మాత్రము లేడు. ప్రధానక్రియలు కర్మణిప్రయోగములై, పని చేయబడుననుచున్నవి గాని చేయువాని పేరు చెప్పుట లేదు. కరణము లేదు. ఇక అపాదానము, అనగా ఏ బొక్కసమునుండి యనునది, మచ్చునకైన గానరాదు. గ్రంథాంతమున విద్యకు దేశోత్పత్తిలో నూటికి ఆఱువంతులు వ్యయింపవలెనని యున్నది గదా యందురేమో. 1968వ సంవత్సరపు విధానములోను జాతీయాదాయములో ఆ ఆఱువంతులే లక్ష్యముగా నుండెను.

ఈ లోటును గప్పుటకే కాబోలు, మన ప్రభుత్వపత్రములలో ‘సమన్వయము’ అను మాట యింతగా వ్యాపించినది. ఏ పథకమును దెఱచినను శాఖల సమన్వయముతో నెఱవేర్పబడునని యుండును. విడి వాక్యమునకే అన్వయము కుదరనప్పుడు సమన్వయ మెట్లు కుదురును? విధానము వెలువడిన మఱుసటి యేడు, 2021 సెప్టెంబరులో, మధ్యాహ్నభోజనపథకమునకు ‘పీఎం పోషణ్’ అని క్రొత్తపేరు పెట్టి 2025-26 వఱకు ద్రవ్యము మంజూరు చేసిరి. అందులో ఉదయపు అల్పాహారమునకు చోటు లేదు. తెలంగాణరాష్ట్రము 2023 అక్టోబరు 6వ తేదీన తనంతట తాను అల్పాహారపథక మొకటి యారంభించెను గాని, అది వేళ్లూనకముందే ఎన్నికలు వచ్చినవి, ప్రభుత్వము మాఱినది.

ఢిల్లీలో వ్యాకరణదోషముగా నున్నది జఫర్‌గఢ్‌కు వచ్చుసరికి మఱియొక రూపము దాల్చును. జఫర్‌గఢ్ పాతకోట గల మండలకేంద్రము. 2016 అక్టోబరు 11వ తేదీకి ముందు వరంగల్లు జిల్లాలోనిది, ఆ దినము మొదలు జనగామ జిల్లాలోనిది. ఇట్టి మండలములో నాలుగవ తరగతి చదువు పిల్లవానికి నల్లబల్లమీది యక్షరములు కనబడుట లేదనుకొందము. ఉదాహరణము కల్పితమే కాని, పదేండ్లు బడిలో పనిచేసిన యే యుపాధ్యాయునికైనను ఇట్టివాని ముఖ మొకటి జ్ఞప్తికి రాకపోదు. 2013 ఫిబ్రవరిలో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ప్రకారము ఇద్దఱు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు గల సంచారదళము అంగన్‌వాడీలకు ఏటికి రెండుమాఱులు, బడులకు ఒకమాఱు వచ్చి పిల్లలను పరీక్షింపవలెను. దళము వచ్చినది, చూచినది, జిల్లా కేంద్రమునకు బొమ్మని చీటి వ్రాసినది. అంతటితో ఆరోగ్యశాఖవారి వాక్యము ముగిసినది. చీటి పిల్లవాని చొక్కాజేబులో ఇంటికి పోయినది.

ఇక నా తల్లి లెక్క చూడుడు. 2023 డిసెంబరు 9 మొదలు తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ సామాన్యపు బస్సులలో ప్రయాణము ఉచితమైనది గనుక ఆమెకు టిక్కెట్టు లేదు, పిల్లవానికి అర్ధటిక్కెట్టు. (ఆడపిల్లయైనచో అదియు లేదు. రవాణాశాఖవారు తమకు దెలియకుండగనే బాలారోగ్యమునకు చేసిన యుపకారమిది.) మిగిలినది కూలినష్టము. 2025-26లో ఉపాధిహామీ పనికి తెలంగాణలో నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. పరీక్షకొకమాఱు, అద్దములకొకమాఱు పోవలసియున్నచో రెండు దినముల కూలి. ఆమె పోకపోయినచో తల్లికి బిడ్డపై శ్రద్ధ లేదని మనము వ్రాసికొందుము.

బడిచేతిలో నేమున్నది? సమగ్ర శిక్ష లెక్కల ప్రకారము నూఱుమంది పిల్లలున్న బడికి ఏటికి వచ్చు గ్రాంటు 25,000 రూపాయలు. అనగా తలకు 250. అందు నూటికి పదివంతులకు తక్కువగాకుండ పరిశుభ్రతకు వ్యయింపవలెను. శేషించిన దానితో సుద్దముక్కలు, విద్యుత్తు, నీరు, చిన్న మరమ్మతులు. బిడ్డ తలకు ఏడాది కంతటికి వచ్చునది వాని తల్లి యొకనాటి కూలికి సరిపోదు. సరిపోయినను ఆ పద్దు క్రింద వ్రాయుటకు వీలు లేదు. నల్లబల్లకు రంగు వేయింపవచ్చును. దానిని జూచుటకు వలయు కంటియద్దమును దెప్పింపరాదు.

ఆ పిల్లవానికి వంటయమ్మ పెట్టు భోజనము విద్యాశాఖది. పెద్ద తరగతిలోని యక్కకు వారమునకొకమాఱు ఇచ్చు ఇనుపధాతువు మాత్ర ఆరోగ్యశాఖది. వాని చెల్లెలు పోవు అంగన్‌వాడీ స్త్రీశిశుసంక్షేమశాఖది. ఉపకారవేతన మింకొక శాఖది. ఇన్ని రిజిస్టర్లలో ఆ యింటి పిల్లల పేర్లు వ్రాయబడియున్నవి. అన్నియు ఒకే యింటివని యెఱిగినవాడు వాని యుపాధ్యాయుడొక్కడే. ఎఱిగినందుకు ఏమి చేయవలెనో యే యుత్తరువును ఆయనకు జెప్పదు.

ఈ పద్దుల చిక్కు క్రొత్తది కాదు. 1920లో మద్రాసు నగరసభ, తెలుగువారైన పిట్టి త్యాగరాయచెట్టిగారు అధ్యక్షులుగా నున్న కాలమున, థౌజండ్ లైట్సు ప్రాంతములోని తన పాఠశాలలో బీదపిల్లలకు పగటి ఫలహారము పెట్టించెను. తలకు దినమునకు అణాకు మించరాదని నియమము. ఆ యేర్పాటు మఱికొన్ని బడులకు వ్యాపించినది. అంతట ప్రభుత్వమువారు ప్రాథమికవిద్యానిధిలోని ద్రవ్యమును తిండికి వ్యయింపరాదని, 1925 ఏప్రిలు 1 నుండి ఆ ఖర్చును త్రోసివేసిరి. అన్నము చెడ్డదని వారనలేదు. ఆ ఖర్చు ఆ పద్దులో నిమడదనిరి. తమ దేశములో 1906లో బడిపిల్లలకు భోజనము పెట్టుటకు స్థానికసంస్థల కధికారమిచ్చియు, 1907లో పిల్లల వైద్యపరీక్షను విధిగా జేసియు పార్లమెంటు శాసనములు కావించిన జాతివారే యిచ్చట నిట్లనిరి. ఆ యణా స్థానమున ప్రాథమికపాఠశాల బిడ్డకు వంటసామగ్రికై 2025 మే మొదలు కేంద్రము కట్టిన లెక్క 6 రూపాయల 78 పైసలు. అన్నమునకు పద్దు దొరకుటకు మన కిన్నియేండ్లు పట్టినది. కంటియద్దమును, కూలినష్టమును, ఇంటికి బోయి మాటలాడు మనిషిని గుఱించి మన మింకను 1925లోనే యున్నాము.

మన సంస్కర్తలు బడి వేఱు, ఇల్లు వేఱు అనుకొనలేదు. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు 1910 మొదలు ఆదిహిందువుల బిడ్డలకు తెలుగు పాఠశాలలు పెట్టుచు, మద్యపానమును, జోగినీ యాచారమును ఆ వాడలలోనే యెదిరించిరి. దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసున స్థాపించిన ఆంధ్రమహిళాసభ కాలక్రమమున చదువును, వైద్యమును, చేతిపనిని ఒక్క సంస్థ నీడకు దెచ్చినది. ఇవి వందనీయములు. కాని విరాళములపై నడచు పనికి ఒక స్వభావము గలదు, దానిని నేటికిని మన బడులలో చూచుచున్నాము. బల్లలిచ్చు దాత దొరకును. గోడపై పేరు చెక్కించు స్థలము ఉన్నంతవఱకు దాతలకు కొఱత లేదు. జీతమిచ్చు దాత దొరకడు. జీతముపై పేరు చెక్కుట యెట్లు?

దాతల నేల యనవలెను, ప్రభుత్వపు రుచియు నట్లే యున్నది. 2022లో ఆరంభమైన ‘మన ఊరు – మన బడి’ మూడేండ్లలో ఇరువదియాఱు వేల బడులకు 7,289 కోట్ల రూపాయలు వ్యయింప నుద్దేశించినది. అందలి పండ్రెండంశములను వరుసగా చదువుడు: మరుగుదొడ్లు, విద్యుత్తు, త్రాగునీరు, బల్లలు, రంగులు, మరమ్మతులు, వ్రాతపలకలు, ప్రహరీగోడలు, వంటకొట్టములు, క్రొత్త గదులు, భోజనశాలలు, డిజిటలు పరికరములు. ఒక్కటియు వలదనదగినది కాదు. మరుగుదొడ్డి లేని బడికి ఆడపిల్ల లెట్లు వత్తురు? కాని పండ్రెండింటిలో ఒక్కటియు మనిషి కాదు. 2024లో మహిళాసంఘముల చేతికిచ్చిన అమ్మ ఆదర్శపాఠశాలల కమిటీలకును ముఖ్యముగా అప్పగింపబడినవి మరమ్మతులే. అమ్మలను బడిలోనికి పిలిచి సిమెంటు లెక్క నప్పగించితిమి.

అమెరికాలో కాలిఫోర్నియారాష్ట్రము 2021లో ఇట్టి సేవాసమన్విత పాఠశాలలకు 300 కోట్ల డాలర్లు కేటాయించెను. ఆ మొత్తమును జూచి గుండె బాదుకొన నక్కఱ లేదు; మన బొక్కసము వేఱు. గ్రహింపదగినది ఆ ద్రవ్యమునుండి సమన్వయకర్త జీతమీయుటకు వీలుండుట. వైద్యుని, తల్లిని, బడిని కలుపుటే ఆ మనిషి పని. తీఱిక వేళల పని కాదు. దానిలోను లోపము లేకపోలేదు. బడులకు వచ్చు గ్రాంటునకు ఐదేండ్ల గడువు; గడువు దీఱిన పిమ్మట ఆ జీతము బడి తన లెక్కలో పెట్టుకొనలేకపోయినచో ఏమగునను భయ మక్కడను ఉన్నది. పథకము వేఱు, పద్దు వేఱు. పథకమునకు ఆరంభోత్సవ ముండును. పద్దునకు మఱుసటి యేడుండును.

నాతోడి యుపాధ్యాయులు కొందఱు దీనినే తిరుగవేసి యడుగుదురు. ఎన్నికల పని మాదే, జనాభాలెక్క మాదే, నులిపురుగుల మాత్ర మాచేతనే మ్రింగింతురు. ఇక ఆస్పత్రియు బడిలోనే పెట్టెదరా? వారి కోపము న్యాయమైనది. అందుచేతనే యీ పనిని ఉపాధ్యాయుని నెత్తిన బెట్టరాదనుచున్నాను. మఱికొందఱు గురుకులములను జూపుదురు. అందు అన్నము, వైద్యము, చదువు ఒక్క కప్పు క్రింద నున్నమాట నిజము. బిడ్డను ఇంటినుండి యెత్తి తెచ్చి చేసిన సమన్వయమది. ప్రవేశపరీక్షలో నెగ్గిన యక్క గురుకులమునకు బోయినది. కండ్లు కనబడక వెనుకబడిన తమ్ముడు ఊరిబడిలోనే యున్నాడు. బిడ్డ యొక్కతె బాగుపడుటయు, ఇల్లు బాగుపడుటయు ఒకటి కావు. గురుకులములకు వ్యయించునప్పుడు ఆ తమ్ముని వాటా యెంతయని యడుగుట అసూయ కాదు.

అడుగవలసినది చాల చిన్నది. ఒక యున్నతపాఠశాల, దాని చుట్టునున్న ప్రాథమికపాఠశాలలు, అంగన్‌వాడీలు కలిసిన సముదాయమున కొక్క మనిషి, ఏటేట వచ్చు జీతముతో. ఆ మనిషి చేతిలో, తలిదండ్రులు సభ్యులుగా గల బడి యాజమాన్యసంఘము తీర్మానముపై వ్యయింపదగిన కొలది నిధి. కూలినష్టము, అర్ధటిక్కెట్టు, అద్దము అను మాటలే ఆ పద్దులో వ్రాయుటకు వీలుండవలెను. ‘ఇతరములు’ అని వ్రాయించినచో తనిఖీదారుడు కొట్టివేయును, మఱల 1925 వచ్చును.

మాట విషయమై ఒక్కటి చెప్పి విడిచెదను. ఆ విధానపత్రములోని ఉద్యోగనామమును తెలుగులో ‘సామాజిక కార్యకర్త’ యనుచున్నాము. తెలుగున కార్యకర్త యనగా జెండా మోసి జీతమడుగనివాడు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త, వీరికిచ్చునది ‘ప్రోత్సాహకము’, ‘గౌరవవేతనము’. వంటయమ్మకు కేంద్రపు లెక్కలో నెలకు 1,000 రూపాయలు, అదియు ఏటికి పదినెలలకే, 2009 నుండి. తెలంగాణప్రభుత్వము తన వాటా చేర్చి 3,000 చేసినది. పేరు పెట్టుటలోనే మనము జీతము నెగవేయుచున్నాము. రాబోవు పత్రములను తెలుగులోనికి దెచ్చువారు ఈ స్థానమున ‘ఉద్యోగి’ యని వ్రాయుదురుగాక. వేతనశ్రేణుల పట్టికలో ఆ మాటకు వరుస యొకటి ముందే యున్నది.