కుర్చీ కాలే ఆనవాలు

రోమన్ నాణేలు గుర్తుపట్టడం నేర్చుకోవాలనుకునేవారికి టిబేరియస్ చక్రవర్తి వెండి డెనేరియస్‌ను మించిన బడి లేదు. అడ్డుకొలత సుమారు 18 మిల్లీమీటర్లు, బరువు నాలుగు గ్రాముల లోపు. మన రూపాయి బిళ్లకన్నా చిన్నది, దళసరి.

ముందువైపు లారెల్ ఆకుల దండ తలకు చుట్టుకున్న టిబేరియస్, కుడివైపుకు తిరిగి ఉంటాడు. క్రీ.శ. 14లో గద్దెనెక్కేనాటికి ఆయనకు 54 ఏళ్లు. చాలా నాణేల మీద మాత్రం ముఖం నున్నగా, పడుచుగా కనిపిస్తుంది. దండను ముడివేసిన పట్టీ కొసలు మెడ మీదికి జారుతుంటాయి. చెవి, దవడ, మెడ నరం... వేలి గోరంత జాగాలో దేని ఎత్తు దానిదే.

ఇదంతా తలకిందుల పని. చెక్కేవాడు లోహపు అచ్చులో ముఖాన్ని లోతుగా తవ్వాలి; నాణెం మీద ముక్కు ఎంత పైకి లేవాలో అచ్చులో అంత లోతుకు పోవాలి. అక్షరాలు కుడి ఎడమలు తిరగేసి రాయాలి. కింది అచ్చు మీద వెండి బిళ్ల పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి, సుత్తితో కొడితే నాణెం. దెబ్బ పక్కకు పోతే బొమ్మ ఓ అంచుకు జరుగుతుంది. అందుకే ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు.

చుట్టూ ఉన్న రాతలో మాటల మధ్య ఎడం ఉండదు. ‘యూ’ ఉండాల్సిన చోట ‘వీ’ ఉంటుంది. పొడి అక్షరాలు విప్పుకుంటే ‘దివ్యుడైన ఆగస్టస్ కుమారుడు టిబేరియస్ సీజర్ ఆగస్టస్’ అని వస్తుంది. వెనకవైపు ‘ప్రధాన పురోహితుడు’ అన్న బిరుదు, రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. ఆమె టిబేరియస్ తల్లి లివియా అని చాలామంది అంటారు.

గాలియాలోని లుగ్డునమ్, అంటే నేటి లియాన్‌లో, ఈ నమూనాను దాదాపు ఆయన పాలన పొడుగునా ముద్రించారు. రాత మారదు, బొమ్మా మారదు. మరి ఏది ఏ విడతదో ఎలా తెలుస్తుంది? కుర్చీ కాళ్లు చూడాలి. కొన్నింట్లో అవి సాదా, కొన్నింట్లో నగిషీ పని ఉంటుంది. కుర్చీ కింద గీత ఒకటా, అంతకన్నా ఎక్కువా అన్నదీ లెక్కే. 1923లో మొదలైన ‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ పట్టికలు ఇలాంటి తేడాలను బట్టే రకాలకు వేరు వేరు సంఖ్యలు ఇచ్చాయి.

ఈ నాణేలు వ్యాపారంతో పాటు మన గడ్డకూ చేరాయి. నల్గొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో ఆగస్టస్, టిబేరియస్‌ల వెండి నాణేల నిధి బయటపడింది. దక్షిణాదిలో వీటిని చూసి చేసిన స్థానిక అనుకరణలూ దొరికాయి. వాటిలో ముఖం ఫరవాలేదనిపించినా అక్షరాలు తడబడతాయి. లాటిన్ చదవలేని కంసాలి రాతను బొమ్మగానే చూసి దించాడు మరి.

అందుకే ముఖం అరిగిపోయిందని ఈ నాణేన్ని చులకన చేయకూడదు. ముఖం ఎవరి పాలనలోదో చెబుతుంది, అంతే. ఏ విడతదో కుర్చీ కాలు చెబుతుంది, అసలుదో అనుకరణో అక్షరాల పొందిక పట్టిస్తుంది. భూతద్దం ముందుగా వెనకవైపుకే తిప్పాలి.