పెట్టె మోసేవాళ్లు

బరువైన కీబోర్డుకి ఫ్లైట్ కేసు చేయించుకోవాలనుకునే కుర్రాళ్లు నన్ను ముందు కంపెనీ పేరు అడుగుతారు. "అన్నా, ఏది తీసుకోమంటారు?" అని. నేను ఎదురు అడిగేది ఒకటే: "నీ పెట్టె ఎవరు ఎత్తుతారు తమ్ముడూ?" మాట దాటేయడానికి అడిగే ప్రశ్న కాదిది. ప్లైవుడ్ ఎంత మందం ఉండాలి, లోపల ఏ స్పాంజి వేయాలి, పిడులు ఎక్కడ బిగించాలి, చక్రాలు కావాలా వద్దా, అన్నీ ఆ ఒక్క జవాబులోంచే తేలతాయి.

ఆర్కెస్ట్రాల్లో తిరిగేవాళ్లకి 61 మెట్ల కీబోర్డు ఉన్నంతకాలం ఈ బెంగ లేదు. సంచిలో పెట్టి భుజాన తగిలించుకుంటే ఆర్టీసీ బస్సయినా ఎక్కొచ్చు. 88 మెట్లది, అదీ పియానో మెట్టులాగా వేలికి బరువు తెలిసేది కొన్నాక ఆ వీలు పోతుంది. ఆ బరువు ఊరికే రాదు. ప్రతి మెట్టుకీ ఒక చిన్న సుత్తి ఉంటుంది. వేలు నొక్కినప్పుడల్లా అది కదులుతుంది. అలాంటి సుత్తులు 88, వాటిని వంగకుండా పట్టి ఉంచే చట్రం, ఆ చట్రాన్ని మోసే అడుగు రేకు. రోలాండ్ ఆర్డీ-2000 ఒక్కటే 21.7 కిలోలు. యమహా మోంటాజ్ 8 అయితే 29 కిలోలు. వేళ్లకి ఇష్టమైన ఆ బరువునే ప్రోగ్రాం అయ్యాక ఎవరో ఒకరు నడుము వంచి ఎత్తాలి. చాలాసార్లు ఆ మనిషి మనం కాదు. సౌండ్ సిస్టం కుర్రాళ్లో, కళ్యాణమండపం దగ్గర దొరికిన కూలీలో, స్టేషన్లో పార్సిల్ దించేవాళ్లో. లోపలున్నది ఏమిటో వాళ్లకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తెలియనివాళ్లు ఎటు పట్టుకుని ఎత్తినా లోపలిది దెబ్బతినకుండా ఉండటమే మంచి కేసుకి గుర్తు. నేను చూసే గీటురాయి ఇదొక్కటే.

దెబ్బ ఎక్కడ తగులుతుందో ముందు తెలుసుకోవాలి. ప్రయాణాల్లో లోపలి సర్క్యూట్లు పోవడం నేను చూసింది తక్కువ. పైకి పొడుచుకొచ్చినవే ముందు పోతాయి. పిచ్ బెండ్ పుల్ల విరుగుతుంది. స్లైడర్ల టోపీలు ఊడతాయి, కాడ వంగితే ఆ స్లైడరు ఇక సాఫీగా నడవదు. రెండు కొసల్లో ఉండే ప్లాస్టిక్ దిమ్మలు పగులుతాయి. పెట్టెను కొస మీద నిలబెట్టి దభీమని వదిలితే మెట్లన్నిటి బరువూ ఒక్క వైపుకి తోసుకుపోతుంది. ఆ తర్వాత ఏవో రెండు మెట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, ఒకటి నొక్కితే పక్కది సగం దిగుతుంది. పాట మధ్యలో అది ఎంత చికాకో వాయించేవాళ్లకి తెలుసు.

అందుకే కేసులో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది మూత లోపలి భాగం. మూత మూసినప్పుడు స్పాంజి కీబోర్డును కదలకుండా అదిమి పట్టాలి, కానీ ఒక్క గుండీకి గానీ, తెరకి గానీ, మెట్టుకి గానీ తగలకూడదు. అదిమే చోటు రెండు కొసల దిమ్మలూ, వెనకవైపు చదునైన అంచూ మాత్రమే. హైదరాబాద్‌లో నా కేసు కట్టిన మేస్త్రి ఈ పనిని ఎలా సరిచూశాడో చెబుతాను. కీబోర్డును అడుగు పెట్టెలో కూర్చోబెట్టి, గుండీల నెత్తినా స్లైడర్ల నెత్తినా సుద్దముక్కతో రాశాడు. మూత మూసి, తాళాలు బిగించి, మళ్లీ తెరిచాడు. మూత స్పాంజి మీద రెండు చోట్ల తెల్ల చుక్కలు. ఆ మేరకి బ్లేడుతో కోసి తీసేశాడు. మళ్లీ సుద్ద, మళ్లీ మూత. ఈసారి చుక్క పడలేదు. నేను అయిపోయిందనుకున్నాను. "ఉండండి సార్, దింపేవాళ్లు తిరగేసి దింపితే?" అన్నాడు. నేనో పక్క, వాళ్ల కుర్రాడో పక్క పట్టుకుని కేసును బోర్లా తిప్పాం. మేస్త్రి అరచేత్తో అడుగున గట్టిగా నాలుగు దెబ్బలు వేసి, మళ్లీ వెల్లకిలా చేసి తెరిపించాడు. పిచ్ బెండ్ పుల్ల ఉన్నచోట మరో చుక్క. అక్కడా కోశాడు. కేసు తీసుకోవడానికి వెళ్లినవాళ్లు ఎవరైనా సరే, రెడీమేడ్‌ది కొన్నా సరే, ఈ సుద్ద పరీక్ష చేయకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు.

స్పాంజి విషయంలో మనవాళ్లు తక్కువ ఖర్చుతో సోఫాలకి వాడే రకం వేయించేస్తారు. నేను వద్దంటాను. ఇరవై కిలోల పైచిలుకు బరువు దాని మీద నెలల తరబడి కూర్చుంటే అది అణిగిపోయి మళ్లీ లేవదు. పైన మెత్తగా ఉన్నా, లారీ గుంతలో పడ్డప్పుడు కీబోర్డు అడుగు నేరుగా చెక్కకే తగులుతుంది. పైగా పాలియురేథేన్ స్పాంజికి తేమ, వేడి రెండూ పడవు. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఏళ్లు గడిచేసరికి జిగటగా మారి, పొడిగా రాలుతుంది. ఆ పొడి మెట్ల సందుల్లోంచి కిందున్న రబ్బరు కాంటాక్టుల మీదికి చేరితే, ఒక స్వరం అసలు పలకదు, ఇంకొకటి ఎంత నెమ్మదిగా నొక్కినా గట్టిగా అరుస్తుంది. కాపాడాల్సిన స్పాంజే వాయిద్యాన్ని పాడుచేసినట్టవుతుంది. నీళ్లు పీల్చని ఈపీఈ ఫోమ్, ఈవీఏ షీట్లు దొరుకుతాయి. అడుగున గట్టిది, పక్కలకి కాస్త మెత్తనిది వేయించుకోవాలి. చుట్టూ కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి.

ఇప్పుడు బరువు లెక్క. ఆర్డీ-2000 పొడవు 1412 మిల్లీమీటర్లు, వెడల్పు 367, ఎత్తు 140. చుట్టూ స్పాంజి, ఆ పైన చెక్క కలిపితే పెట్టె సుమారు మీటరున్నర పొడవు, అర మీటరుకి కొంచెం తక్కువ వెడల్పు, పావు మీటరు ఎత్తు తేలుతుంది. ఆరు వైపులా కలిపి సుమారు 2.4 చదరపు మీటర్ల చెక్క. 9 మి.మీ. బిర్చ్ ప్లైవుడ్ చదరపు మీటరుకి సుమారు 6 కిలోలు తూగుతుంది. అంటే చెక్కే 14, 15 కిలోలు. దాని మీద అల్యూమినియం అంచులు, స్టీలు మూలలు, బటర్‌ఫ్లై తాళాలు, పిడులు, చక్రాలు, స్పాంజి వేసుకుంటే కేసు ఒక్కటే ఇరవై కిలోలు దాటిపోతుంది. కీబోర్డుతో కలిపి 45 కిలోల మాట. 6 మి.మీ. చెక్క వాడితే ఐదు కిలోలు తగ్గుతుంది.

ఆ ఐదు కిలోల దగ్గరే ఎవరు ఎత్తుతారన్న ప్రశ్న పని చేస్తుంది. సొంత బండిలో, మీ కళ్ల ముందే, పైన ఇంకేమీ పెట్టకుండా తీసుకెళ్లేవాళ్లకి 6 మి.మీ. చాలు. దుకాణంవాళ్లు ఏమన్నా వినొద్దు. సౌండ్ బాక్సులతో కలిపి టాటా ఏస్‌లో ఎక్కించి, మీరు వేరే కారులో వెళ్లేటట్టయితే 9 మి.మీ. కావాలి. ఎందుకంటే చదునుగా, పొడుగ్గా ఉన్న పెట్టె కనపడగానే దాని మీద యాంప్లిఫయర్ ర్యాక్ ఎక్కుతుంది, ఆ మీద ఒక మనిషి కూర్చుంటాడు. వాళ్లని తిట్టి లాభం లేదు. రాత్రి రెండింటికి పందిరి విప్పి, తెల్లారేసరికి ఇంకో ఊళ్లో బాక్సులు దింపాల్సినవాళ్లు వాళ్లు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ సర్దుతారు. 12 మి.మీ. మాత్రం వద్దు. లోపలి వాయిద్యానికి అది ఇచ్చే అదనపు రక్షణ కన్నా మోసే మనిషి వెన్నుకి చేసే చేటు ఎక్కువ.

చక్రాల మీద చాలామందికి మోజు. నున్నటి నేల ఉన్న ఆడిటోరియంలో అవి హాయిగా దొర్లుతాయి, కాదనను. కానీ మన ప్రోగ్రాంలు సగం కాలవ గట్టు పక్కన పందిట్లో, గుడి ముందు మట్టిలో, ఇసక పోసిన స్కూలు ఆవరణలో. అక్కడ చక్రం తిరగదు, ఇద్దరు మోయాల్సిందే. అందుకే చక్రాల మీద పెట్టే డబ్బు పిడుల మీద పెట్టమంటాను. పొట్టి వైపులకి ఒక్కొక్కటి, పొడవు వైపు రెండు. అన్నీ పెట్టె అడుగు భాగానికే ఉండాలి, మూతకి ఒక్కటీ ఉండకూడదు. మూతకి పిడి ఉంటే చీకట్లో ఎవరో ఒకరు దాన్నే పట్టుకుంటారు, మొత్తం బరువు తాళాల మీద పడుతుంది. పిడి చెక్కలోపలికి గుంటగా దిగి ఉండాలి, వదలగానే స్ప్రింగుతో వెనక్కి పడుకోవాలి, పట్టు దగ్గర రబ్బరు తొడుగు ఉండాలి. గుంట లోతు చాలకపోతే వేళ్ల కణుపులు లోహపు అంచుకి ఒరుసుకుంటాయి. మా దగ్గర బాక్సులు దింపే బాబాయి ఒకాయన కుడిచేతి కణుపుల మీద చర్మం లేచి, ఆరి, మళ్లీ లేచి నల్లగా గట్టిపడిపోయి ఉంటుంది. అలాంటి పిడుల వల్లే. కేసు కొనేముందు మన చెయ్యి కాదు, అంతకన్నా లావుపాటి చెయ్యి ఆ గుంటలో పడుతుందో లేదో చూడాలి. చక్రాలు పెట్టించుకుంటే ఒక కొసన రెండు చాలు, సూట్‌కేసును లాగినట్టు వంచి లాగడానికి. అడుగున నాలుగు పెడితే వ్యానులో పెట్టె ముందుకీ వెనక్కీ కదులుతూనే ఉంటుంది.

అడుగు పెట్టె లోతు గురించి ఎవరూ చెప్పరు. లోతైన పెట్టెలో కీబోర్డు భద్రంగా ఉంటుందనిపిస్తుంది. కానీ బయటికి తీసేటప్పుడు చేతులు అడుక్కి పోవు. తొందరలో ఉన్నవాడు ముందువైపు మెట్ల అంచుకే వేళ్లు తగిలించి లాగుతాడు. అడుగు భాగం కీబోర్డు ఎత్తులో సగమే ఉండి, మిగతాది మూతలోకి వెళ్లాలి. స్పాంజిలో రెండు కొసలా చెయ్యి దూరేంత ఖాళీ కోయించాలి. మూత బందుల నుంచి ఊడి పూర్తిగా పక్కకి వచ్చేది అయితే ఇంకా మంచిది, ఇరుకు స్టేజీ మీద అదొక పెద్ద సుఖం. పెడల్, అడాప్టరు, కేబుళ్లకి గది కావాలంటే మధ్యలో చెక్క అడ్డు వేయించాలి. కీబోర్డు పక్కన ఖాళీలో పడేసిన ఇనప పెడల్ దారి పొడుగునా దాన్ని కొడుతూనే ఉంటుంది.

రంగు విషయంలో నాది ఒంటరి అభిప్రాయం. అందరూ నలుపు చేయిస్తారు. మే నెలలో మధ్యాహ్నం టాపు లేని బండిలో నల్ల పెట్టె ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. నేను లేత బూడిద రంగు వేయించాను. వాన మాట వేరు, ఏ చెక్క కేసూ మన తుపాను వానకి ఆగదు. టార్పాలిన్ కప్పాల్సిందే.

విమానం సంగతి కూడా చెప్పాలి. ఫ్లైట్ కేసులకి కొలమానంగా చెప్పే స్పెక్ 300 ప్రమాణం అమెరికా విమానయాన సంస్థల సంఘానిది. అందులో మొదటి తరగతి పెట్టె కనీసం 100 రానుపోను ప్రయాణాలు తట్టుకోవాలి. కానీ సాధారణంగా విమాన సంస్థలు లగేజీగా తీసుకునే ఒక్కో పెట్టె 32 కిలోలు దాటనివ్వవు. మన 45 కిలోల కేసు కార్గోలోనే వెళ్లాలి. మోంటాజ్ 8 అయితే కేసుకి మిగిలేది మూడు కిలోలు, అందులో ఏ కేసూ రాదు. ఈ 32 కిలోల హద్దు కూడా లోడర్ల వెన్నుని దృష్టిలో పెట్టుకుని వచ్చిందే. అందుకే అమెరికాలో తానా, ఆటా సభలకి వెళ్లేవాళ్లు అక్కడే కీబోర్డు అద్దెకి ఏర్పాటు చేయమని అడగడం మంచిది. మనం సెట్ చేసుకున్న టోన్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే సరిపోతుంది, కాకపోతే మోడల్ అదే ఉండాలి. రైలుకైతే బోగీలోకి తెచ్చుకునే పెట్టె పొడవు మీటరు దాటకూడదని నిబంధన. మీటరున్నర కేసును బుక్ చేసి బ్రేక్ వ్యానులో వేయాలి. రెండు నిమిషాలు ఆగే స్టేషన్లో అది ఎంత వేగంగా కిందికి దిగుతుందో ఊహించుకుని అప్పుడు చెక్క మందం నిర్ణయించుకోండి.

కేసు చేయించే స్తోమత ఇప్పుడే లేనివాళ్లు కీబోర్డు వచ్చిన అట్టపెట్టెనీ, అందులోని థర్మాకోల్ దిమ్మల్నీ పారేయొద్దు. ఆ దిమ్మలు ఆ మోడల్ కోసమే పోతపోసినవి, గుండీలకి తగలకుండా కొసల దగ్గరే పట్టుకుంటాయి. గోనె పట్టా చుట్టి, రెండు నైలాన్ పట్టీలు బిగిస్తే అప్పుడప్పుడూ చేసే ప్రయాణాలకి నెట్టుకురావచ్చు.

కేసు చేతికొచ్చాక ఇంకో పని ఉంది. కీబోర్డు, పెడల్, కేబుళ్లు అన్నీ సర్ది, తాళాలు బిగించి, రైసుమిల్లులోనో పార్సిల్ ఆఫీసులోనో కాటా మీద పెట్టి తూయించండి. పెయింటరుతో మూత మీదా, రెండు కొసలా రాయించండి: ఎటు పైకో చూపించే బాణం గుర్తు, ఎన్ని కిలోలో అంకెల్లో, కింద "ఇద్దరు ఎత్తాలి" అని తెలుగులో, పక్కనే హిందీలో. దింపేవాళ్లలో ఒడిశా, బీహారు కుర్రాళ్లు ఉంటారు, ఇంగ్లీషు అక్షరాలతో ఉన్న గాజుగ్లాసు బొమ్మ స్టిక్కరు వాళ్లకి ఏమీ చెప్పదు. బరువెంతో ముందే కనపడితే ఒక్కడే వచ్చి లాగడు, రెండోవాణ్ణి పిలుస్తాడు. ఆ రెండోవాడికి కూడా కూలి ఇవ్వాల్సి వస్తుంది. పార్టీతో రేటు మాట్లాడుకునేటప్పుడే అది కలిపి చెప్పండి.