వినిపించే గొంతులు, వినిపించని తల్లులు

సాహిత్య విమర్శ చేసే ఆడవాళ్ళం కథ, కవిత, నవల దగ్గరే ఆగిపోతున్నామా అన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉంది. అచ్చులో వచ్చిన ప్రతి మాటనీ స్త్రీవాద దృక్కోణంతో జల్లెడ పట్టడం నేర్చుకున్నాం. మరి చెవిలోకి వచ్చే మాటల సంగతేమిటి? వృత్తి నిపుణులు ప్రయాణాల్లో, వంటింట్లో, వాకింగ్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే పాడ్‌కాస్టులని మనం ఇంకా రచనలుగా గుర్తించనే లేదు. వాటికీ కథనం ఉంది, పాత్రలున్నాయి. ముఖ్యంగా, ఎవరు మాట్లాడాలి, ఎవరి గురించి మాట్లాడాలి అన్న కట్టడి ఉంది. ఆ కట్టడి గురించే ఈ వ్యాసం.

నేనుండేది శంషాబాద్‌లో. ఆరాంఘర్ మీదుగా మెహదీపట్నం చేరేసరికి గంటకి పైనే పడుతుంది. ఆ ప్రయాణాల్లో ఏడాదిగా రెండు రకాల పాడ్‌కాస్టులు పక్కపక్కన పెట్టుకుని వింటున్నాను. ఒకటి పిల్లల ఆరోగ్య పరిశోధన గురించి డాక్టర్లు డాక్టర్ల కోసం చేసుకునేవి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారి 'పీడియాట్రిక్స్ ఆన్ కాల్' లాంటివి. రెండోది డిజిటల్ ప్రకటనల రంగంలో ఉన్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేవి. 'అడ్‌ఎక్స్‌ఛేంజర్ టాక్స్' లాంటివి. ఈ రెండింటికీ ఒకరి సంగతి ఒకరికి పట్టదు. కానీ రెండూ తరచుగా ఒకే మనిషి గురించి మాట్లాడతాయి. ఆమె చంటిబిడ్డ తల్లి. రెండు చోట్లా ఆమె ఉంది, రెండు చోట్లా ఆమె గొంతు లేదు.

మొదటి రకం నిర్మాణం చూడండి. ఆతిథ్యమిచ్చే వ్యక్తి ఒక పరిశోధకురాలిని పరిచయం చేస్తారు. ప్రశ్న ఏమిటి, ఎంతమందిని పరిశీలించారు, ఏం తేలింది, ఆ ఫలితానికి ఉన్న పరిమితులేమిటి, ప్రాక్టీసులో ఉన్న డాక్టరు రేపు పొద్దున్న చెయ్యాల్సిందేమిటి - ఈ వరసలో సాగుతుంది. ఇందులో నాకు నిజంగా నచ్చేది ఆ నాలుగో మెట్టు. తన పని పరిమితులని తానే చెప్పుకునే మర్యాద మన సాహిత్య ఉపన్యాసాల్లో ఎంతమందికి ఉంది? కానీ ఈ భాషలో తల్లి పేరు మారిపోతుంది. ఆమె 'కేర్‌గివర్' అవుతుంది, 'పార్టిసిపెంట్' అవుతుంది. మధ్యలో మానేస్తే 'డ్రాపవుట్' అవుతుంది. ఎందుకు మానేసింది? కూలి పోతుందనా, అత్తగారు వద్దన్నారనా, బస్సు లేదనా? అది ఆ పదంలో ఇమడదు. వాక్యాలకి కర్త కూడా ఉండడు. సమ్మతి 'తీసుకోబడింది' అంటారు. ఎవరు తీసుకున్నారు, ఎవరు ఇచ్చారు?

ఇది వ్యాకరణం గురించిన చాదస్తం కాదు. కర్త లేని ఆ వాక్యం వెనక ఏం దాగుతుందో తెలుగు నేల మీదే చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో పదీ పద్నాలుగేళ్ళ మధ్య ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. అందులో చాలామంది హాస్టళ్ళలో చదువుకునే ఆదివాసీ పిల్లలు. మహిళా ఆరోగ్య సంఘాలు వెళ్ళి విచారించి గొడవ చేశాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పిల్లల మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా విలువనీ నేను కాదనడం లేదు. నా దృష్టి అంతా సమ్మతి పత్రాల మీద. విచారణలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు! పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఈ వ్యవహారాన్ని గట్టిగానే తప్పుపట్టింది. 'సమ్మతి తీసుకోబడింది' అన్న వాక్యాన్ని విప్పితే అందులోంచి వార్డెన్ సంతకం బయటపడింది. తల్లి ఎక్కడో గూడెంలో ఉంది. ఆమెని అడిగిన వాళ్ళు లేరు.

ఇక రెండో రకం. ప్రకటనల పాడ్‌కాస్టుల్లో అందరూ హుషారుగా ఉంటారు. నవ్వులెక్కువ, సందేహాలు తక్కువ. ఇక్కడ తల్లి 'టార్గెట్ ఆడియన్స్'. గర్భం రావడం, బిడ్డ పుట్టడం ఆమె జీవితంలో పెద్ద మలుపులు కాబట్టి అప్పుడు కొత్త సరుకులు అలవాటవుతాయి. కాబట్టి అప్పుడే ఆమెని పట్టుకోవాలి. 'పట్టుకోవడం' అన్న క్రియ నేను కల్పించింది కాదు. 'క్యాప్చర్' అనే మాట ఆ రంగంలో మామూలు. వినేటప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు.

ఇది ఎంత పెద్ద ఎత్తున జరుగుతోందో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్కగట్టింది. తల్లిపాలకి బదులుగా అమ్మే డబ్బాపాల బ్రాండ్లకి చెందిన 264 సామాజిక మాధ్యమ ఖాతాలని గమనిస్తే, అవి రోజుకి సుమారు 90 పోస్టులతో 22.9 కోట్ల మందికి చేరుతున్నాయి. అందులో చాలా భాగం ప్రకటనలా కనిపించదు. తల్లుల బృందంలా, సలహా ఇచ్చే అక్కలా, అర్ధరాత్రి బిడ్డ ఏడుస్తుంటే పలికే హెల్ప్‌లైన్‌లా కనిపిస్తుంది.

ఇక్కడే నాకు స్త్రీవాద విమర్శ అవసరం కనిపించింది. పరిశోధన భాష తల్లి గొంతుని తీసేస్తోంది. ప్రకటన భాష ఆమెకి ఒక అరువు గొంతు ఇస్తోంది. 'నా శరీరం, నా ఎంపిక', 'అపరాధభావం వద్దు', 'నీకోసం నువ్వు' - మనం కష్టపడి, మాటలుపడి సంపాదించుకున్న మాటలివి. వాటినే మనకి డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. పాలు పడక, ఉద్యోగంలో సెలవు దొరక్క, ఆరోగ్యం బాగోక డబ్బాపాలు ఇచ్చే తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ తల్లికి కావలసిన ప్రసూతి సెలవు గురించి, పనిచోట శిశు సంరక్షణ గది గురించి ఆ పాడ్‌కాస్టుల్లో ఎవరన్నా మాట్లాడగా నేను వినలేదు. ఆమె ఇబ్బంది తీరిపోతే సరుకు అమ్ముడుపోదు కదా!

మా శంషాబాద్‌లో ఈ రెండు లోకాలూ కళ్ళకి కనిపిస్తాయి. 2008లో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి కూతురి పురిటికో కోడలి పురిటికో అమెరికా వెళ్ళే అమ్మలని ఇక్కడ చూస్తూనే ఉన్నాం. సంచిలో పచ్చళ్ళు, వాము, పసిపిల్లకి మెత్తటి పాతచీరల గుడ్డలు. వాళ్ళు మోసుకుపోయేది సామాను మాత్రమే కాదు, పిల్లల పెంపకం గురించిన ఒక మౌఖిక శాస్త్రం. అందులో పనికొచ్చేదీ ఉంది, మానుకోవలసిందీ ఉంది. దాన్ని ఆమెతో కూర్చుని, ఆమె భాషలో చర్చించే పాడ్‌కాస్టు ఏదీ? అదే శంషాబాద్ చుట్టూ పొలాలున్న చోట ఇప్పుడు ఆన్‌లైన్ సరుకుల గోదాములు లేచాయి. 2023 జనవరిలో అమెజాన్ తన సరుకు విమానాలని కూడా ఇక్కణ్ణుంచి మొదలుపెట్టింది. పాడ్‌కాస్టులో 'కన్వర్షన్' అని ముద్దుగా పిలిచేది ఇలాంటి గోదాముల్లో అట్టపెట్టెగా మారుతుంది. ఆ పెట్టెలకి టేపు అంటించే అమ్మాయి కూడా ఎవరో చంటిబిడ్డ తల్లే కావచ్చు.

పరిశోధనా ప్రకటనా ముఖాముఖి తలపడితే ఏమవుతుందో హైదరాబాదే చూపించింది. ఓఆర్ఎస్ కథ మీకు తెలిసిందే. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బొన్గావ్ శరణార్థి శిబిరంలో నరాలకి ఎక్కించే సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు రోగుల బంధువుల చేతే తాగించి వేలమందిని బతికించారు. వైద్యం ఇంట్లోవాళ్ళ చేతికి వచ్చిన అరుదైన సందర్భమది. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్ళలో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, మరో రెండు లవణాలు ఉంటాయి. చక్కెర అంతకన్నా బాగా పెరిగితే విరేచనాలు తగ్గకపోగా ఎక్కువవుతాయి. అలాంటిది, ఆ మూడక్షరాలని తమ పేరులో కలుపుకుని తియ్యటి పానీయాలు మందుల షాపుల్లోకి వచ్చాయి. నీళ్ళ విరేచనాలతో ఉన్న బిడ్డ కోసం షాపుకి పరుగెత్తిన తల్లి 'ఓఆర్ఎస్ ఇవ్వండి' అంటుంది. చేతిలోకి వచ్చేది పేరుకి ముందో వెనకో ఇంకో ముక్క తగిలించిన చక్కెర నీళ్ళు. ఒక పదాన్ని దొంగిలించడమంటే ఇదే. భాష మీద పనిచేసే మనకి ఇది మన విషయం కాదా?

హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఎనిమిదేళ్ళు పోరాడారు. ఉత్తరాలు రాశారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఒక దశలో 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం కాదు' అని చిన్న హెచ్చరిక పెడితే చాలంది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ వెసులుబాటుని రద్దు చేసింది. కొన్ని కంపెనీలు ఢిల్లీ హైకోర్టు గుమ్మం ఎక్కాయి. నన్ను ఆకట్టుకున్నది ఆవిడ మాట్లాడిన తీరు. ఆవిడ తోటి డాక్టర్ల సభలకే పరిమితం కాలేదు. ప్రకటనలు తిరిగే అవే సామాజిక మాధ్యమాల్లో, వీడియోల్లో, నేరుగా తల్లులతో మాట్లాడారు. ఆదేశం వచ్చిన రోజున కెమెరా ముందు ఏడ్చారు కూడా. శాస్త్రం మాట్లాడేవాళ్ళు ఏడవకూడదన్న మగ మర్యాదని అలా పక్కన పెట్టారు.

చట్టం ఏం చేస్తోంది? శిశువుల పాల ప్రత్యామ్నాయాల చట్టం 1992లో వచ్చింది, 2003లో సవరించారు. రెండేళ్ళలోపు పిల్లలకి అమ్మే డబ్బాపాలు, శిశు ఆహారం, పాలసీసాల ప్రకటనలని అది పూర్తిగా నిషేధించింది. 'ప్రకటన' అన్న మాటకి అందులో ఉన్న నిర్వచనం ఎంత ముచ్చటగా ఉందో! వెలుతురు, శబ్దం, పొగ, వాయువు, ఎలక్ట్రానిక్ ప్రసారం - దేనితో చెప్పినా ప్రకటనే. శబ్దం అంది కాబట్టి పాడ్‌కాస్టు మధ్యలో వినిపించే స్పాన్సరు మాట కూడా అందులోకి వస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పిల్లలని గురిపెట్టి ప్రకటనలు ఇవ్వకూడదంటుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ఈ భాగం అమలుకి 18 నెలల గడువిచ్చారు. మంచిదే. కానీ ఆర్నెల్ల బిడ్డకి ఫోన్ లేదు, తల్లికి ఉంది. గురి బిడ్డ మీద కాదు, తల్లి మీద. డబ్బాపాల చట్టం పరిధిలోకి రాని వందరకాల 'పిల్లల ఎదుగుదల' సరుకులకి ఆ దారి తెరిచే ఉంది.

వృత్తి నిపుణులు తమలో తాము మాట్లాడుకోకూడదా అని అడగవచ్చు. తప్పకుండా మాట్లాడుకోవాలి. ప్రతి శాస్త్రానికీ తన పరిభాష కావాలి. కానీ ఒక్క విషయం గమనించండి. ఈ పాడ్‌కాస్టుల్లో మాట్లాడేవాళ్ళలో మన ఆడవాళ్ళు తక్కువేం కాదు. డాక్టర్లుగా, పరిశోధకులుగా, బ్రాండ్ మేనేజర్లుగా ఉన్నారు. స్త్రీ గొంతు వినిపించగానే స్త్రీల గొంతు వినిపించినట్టు కాదు. చదువుకున్న స్త్రీ, తన గురించి కాక తన కింద ఉన్న స్త్రీ గురించి, ఆమె లేనిచోట మాట్లాడుతోంది. ఇది మన వర్గానికీ కులానికీ సంబంధించిన ప్రశ్న. దీన్ని దాటవేసి స్త్రీవాదం గురించి మాట్లాడలేం.

మరో దారి మన దగ్గరే ఉంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలని వాళ్ళ నోటి వెంటే రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. అందులో ఆ స్త్రీలే కర్తలు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత స్త్రీలు. మైకు ముందు కూర్చున్న ఆమే విత్తనం గురించీ, తిండి గురించీ, ఆరోగ్యం గురించీ తన యాసలో చెప్పింది. ఆమె ఎవరికీ 'ఆడియన్స్' కాదు, ఎవరి 'శాంపిల్' కాదు.

అందుకే నా ప్రతిపాదన చిన్నది. మన పత్రికల్లో పుస్తక సమీక్షల పక్కన ఈ శ్రవ్య రచనలకీ చోటిద్దాం. సమీక్షించేటప్పుడు మూడు ప్రశ్నలు వేద్దాం. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆమె అక్కడ ఉందా? ఈ మాటలకి డబ్బు ఎవరిది? ఇదే విషయాన్ని ఆమెకి తెలుగులో చెప్పవలసివస్తే ఏ వాక్యం మార్చవలసివస్తుంది? మూడోది అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. 'డ్రాపవుట్' అన్న మాటని ఆ తల్లి ముఖం మీద అనలేం. అనలేనప్పుడు ఆమెని అడగాల్సి వస్తుంది, 'ఎందుకమ్మా రాలేదు?' అని. పరిశోధన అక్కణ్ణుంచి మొదలవ్వాలి.