లౌడ్‌స్పీకరు తీగలు: నమ్మకము, కొలత

హైదరాబాదునకు పడమట, సాఫ్టువేరు కార్యాలయముల చెంతనున్న మణికొండ వంటి చోట్ల నెట్‌వర్కు కేబులు ముక్కలు దొరకుట కష్టము కాదు. అట్టి కేబుళ్లు మూడింటిని జడవలె అల్లి లౌడ్‌స్పీకరునకు తగిలించినచో సంగీతము కొత్త వన్నె దాల్చునని స్వయముగా పరికరములు చేసుకొనువారిలో ఒక వాదము కలదు. ఇందులో నిజమెంత, అతిశయోక్తి ఎంత?

మొదట తీగ మందము. ఆ జడలో 24 సన్నని రాగి తీగలు, అనగా 12 జతలు ఉండును. ప్రతి జతలో ఒకటి పోకకు, ఒకటి రాకకు కలిపినచో ఒక్కొక్క వైపు సుమారు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి యగును. ఇండ్లలో వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులోను అంతే రాగి కలదు. దూరము 5 మీటర్లయినచో, పోను రాను 10 మీటర్లకు రెండింటి నిరోధమును 0.07 ఓము మాత్రమే. కాన ఈ విషయమున జడకు ఆధిక్యము లేదు.

నిరోధము ఏల ముఖ్యము? 8 ఓములని ముద్రించిన స్పీకరు అన్ని స్వరములకు 8 ఓములు చూపదు. ఒక స్వరమునకు 4 ఓములకు దిగి, మరొక దానికి 20కి ఎక్కవచ్చును. 0.25 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడినచో దాని నిరోధము 0.7 ఓము. అప్పుడు స్పీకరునకు మొదటి స్వరమున వోల్టేజిలో 85 శాతము, రెండవ స్వరమున 97 శాతము అందును. స్వరముల పొందిక చెదరును. లావు తీగతో ఈ భేదము 2 శాతమునకు మించదు.

తరువాత తీగల అమరిక. పోక తీగను, రాక తీగను ఎడముగా పరచినకొలది ప్రేరకత్వము పెరుగును. 10 సెంటీమీటర్లు ఎడమైనచో 5 మీటర్ల తీగ 20,000 హెర్ట్జుల వద్ద సుమారు 1.2 ఓముల అడ్డు చూపును. రెండింటిని పెనవేసినచో అది 0.4 ఓమునకు తగ్గును. జడలో ఇంకను తక్కువ. వాదములోని సత్యాంశమిదియే. అయితే జడలో కెపాసిటీ సుమారు పదిరెట్లు పెరుగును. కొన్ని ఆంప్లిఫయర్లు దానిని సహింపక అస్థిరమగును. ఈ రెండవ ముఖమును వాదులు తరచు మరతురు. 1991లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఫ్రెడ్ ఇ. డేవిస్ వ్రాసిన వ్యాసము తీగను ఒంటరిగా కాక, ఆంప్లిఫయరు, స్పీకరులతో కలిపి పరిశీలించినది. సరియైన మార్గమదియే.

వెండి తీగ మాట? వెండి రాగికంటె సుమారు 6 శాతము మంచి వాహకము. రాగి తీగను ఆపాటి లావు చేసిన చాలును. రాగి పూత పూసిన అల్యూమినియము తీగ విషయమున మాత్రము జాగ్రత్త వలయును. దాని నిరోధము ఒకటిన్నర రెట్లకు పైబడి యుండును. తీగను గీరి చూచినచో లోపలి తెలుపు బయటపడును.

ఈ వాదములోని పెద్ద లోపము వేరొకటి కలదు. ఏ తీగ తగిలించినారో ఎరిగిన చెవి నిష్పక్షపాతముగా వినజాలదు. పాఠశాలలో దీనిని పరీక్షింపవచ్చును. ప్రతిమారు ఆంప్లిఫయరు ఆపి, నాణెము ఎగురవేసి, బొమ్మ బొరుసులను బట్టి తీగ తగిలింపవలెను. వినువారికి అది కనబడరాదు. 16 మార్లలో 12గాని, అంతకు మించిగాని సరిగా చెప్పుట కేవలము అదృష్టమువలన నూటికి సుమారు 4 పర్యాయములే జరుగును. అట్లు చెప్పగలిగినవాని మాటకు విలువ కలదు. అంతవరకు లావైన రాగి తీగలు రెండు పెనవేసుకొనుటయే వివేకము.