మరొకరి చేతికొలత: ప్రత్యేక నిర్మిత ఎలక్ట్రిక్ బాస్ గిటార్ల సేకరణలో విలువ నిర్ణయం – ఒక పరిశీలన

ప్రవేశిక

ఎలక్ట్రిక్ బాస్ గిటారు పుట్టుకతోనే కర్మాగారపు వస్తువు. 1951లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ నుంచి లియో ఫెండర్ విపణిలోకి తెచ్చిన ప్రెసిషన్ బాస్‌కు మెడను నాలుగు మరలతో బిగించేవారు. మెడ వంగిపోతే విప్పి మరొకటి బిగించవచ్చు. ఒక వాద్యపు భాగం మరొక వాద్యానికి సరిపోతుంది. ఎవరి చేతికి వెళ్తుందో తెలియకుండానే ప్రతి వాద్యమూ తయారయ్యేది. సుమారు ఇరవై ఏళ్ల తర్వాత అదే రాష్ట్రంలో దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి తలెత్తింది. ఒక వాద్యకారుడు తనకేమి కావాలో చెబుతాడు. నిర్మాత ఆ ఒక్కరి కోసం ఒక వాద్యం చెక్కుతాడు. ఈ రెండు వంశాల వాద్యాలూ నేడు సేకర్తల గదుల్లో పక్కపక్కనే వేలాడుతున్నాయి. వాటి వెల కట్టే ప్రమాణం మాత్రం ఒక్కటే, అదీ మొదటి వంశం కోసం ఏర్పడినది. ఆ ప్రమాణం రెండవ వంశానికి ఎందుకు సరిపడదో, దాన్ని వర్తింపజేయడం వల్ల ప్రత్యేక నిర్మిత వాద్యంలో ఏది కనుమరుగవుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కర్మాగార వస్తువుకు తగిన ప్రమాణం

1965 జనవరిలో సీబీఎస్ సంస్థ ఫెండర్ కంపెనీని కోటీ ముప్పై లక్షల డాలర్లకు కొన్నది. సేకర్తల కాలగణనలో ఇదొక యుగసంధి. దానికి ముందు తయారైన వాద్యాలను ‘ప్రీ-సీబీఎస్’ అని వేరుచేసి, వాటికి ఎక్కువ ధర పలుకుతారు. అటువంటి వాద్యాన్ని కొనేవాడు మరలు విప్పి మెడ మడమ మీది తేదీని చూస్తాడు. పికప్‌ల తీగలకు పెట్టిన టంకం తొలినాటిదేనా అని పరీక్షిస్తాడు. రంగు మళ్లీ వేశారేమోనని అనుమానిస్తాడు. ఒక్క మర మారినా ధర తగ్గుతుంది. ఈ పట్టింపు వెనుక తర్కం ఉంది. ఒకే నమూనాలో వేలకొద్దీ తయారైన వస్తువులో అరుదైనది మార్పు లేకుండా మిగలడమే. అచ్చు పుస్తకపు ప్రథమ ముద్రణను పైఅట్ట చెదరకుండా సంపాదించాలనుకునే గ్రంథప్రియుడి తపన ఇలాంటిదే.

‘కస్టమ్’ అన్న మాటకు ఆ కర్మాగారంలో ఉన్న అర్థం కూడా గమనించదగినది. ఫెండర్ ‘కస్టమ్ కలర్’ అంటే ఐదు శాతం అదనంగా చెల్లించి మామూలు రంగుకు బదులు వేరొక రంగు వేయించుకోవడం. మెడ వెడల్పు, తీగల మధ్య దూరం, వాద్యం బరువు ఏవీ మారవు. నేటి సేకరణ పరిభాషలోని గందరగోళానికి కొంత మూలం ఇక్కడే ఉంది. రంగు ఎంచుకోవడమూ కొలతలు నిర్ణయించడమూ ఒకే మాట కిందికి చేరిపోయాయి.

ఒక్కరి కోసం చెక్కిన వాద్యం

అలెంబిక్ సంస్థ 1969 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం చుట్టూ రూపుదిద్దుకుంది. అలెంబిక్ అంటే రసవాదులు వాడిన బట్టీపాత్ర. పేరుకు తగినట్టే, మొదట ఉన్న వాద్యాలను విప్పి శుద్ధి చేయడమే వారి పని. గ్రేట్‌ఫుల్ డెడ్‌కు చెందిన ఫిల్ లెష్, జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్‌కు చెందిన జాక్ కసాడీ తమ గిల్డ్ స్టార్‌ఫైర్ బాస్‌లను వారికి అప్పగించగా రాన్ విక్కర్‌షమ్ వాటి ఎలక్ట్రానిక్ భాగాలను మార్చి కట్టాడు. మార్చగలిగినంత మార్చాక, అసలు వాద్యాన్నే కొత్తగా నిర్మించాలన్న ఆలోచన వచ్చింది. 1972లో కసాడీ కోసం పూర్తయిన బాస్ ఆ సంస్థ నిర్మించిన తొలి వాద్యం. అంటే ఈ సంప్రదాయం మార్పులోంచే పుట్టింది. పాత వాద్యాల సేకర్త దేన్ని దోషంగా లెక్కిస్తాడో అదే దీనికి మాతృక. ఈ చారిత్రక సత్యాన్ని విస్మరించడం వల్లనే తర్వాతి అపసవ్యాలన్నీ తలెత్తాయని చెప్పవచ్చు.

మరింత స్పష్టమైన నిదర్శనం ఆంటొనీ జాక్సన్‌ది. 1973 నాటి ఓజేస్ బృందపు ‘ఫర్ ద లవ్ ఆఫ్ మనీ’ పాటలోని బాస్ వరుస ద్వారా పేరు పొందిన ఈ వాద్యకారుడి వాదం సూటిగా ఉంటుంది. బాస్ గిటారు గిటారు కుటుంబంలో అత్యంత మంద్రమైన సభ్యురాలు. గిటారుకు ఆరు తీగలున్నప్పుడు దీనికి నాలుగే ఉండడానికి కారణం, ఫెండర్ నిలువు డబుల్ బాస్‌ను మనసులో పెట్టుకోవడమే. ఈ వాదాన్ని చెక్కలో నిరూపించమని ఆయన న్యూయార్క్ నిర్మాత కార్ల్ థాంప్సన్‌ను కోరాడు. 1975లో ఆరు తీగల ‘కాంట్రాబాస్ గిటారు’ తయారైంది. మామూలు బాస్‌లోని నాలుగు తీగలకు కింద ఒకటి, పైన ఒకటి చేరాయి. కింది తీగ సెకనుకు దాదాపు 31 కంపనాల స్వరం పలుకుతుంది. నాలుగు తీగల బాస్ సుమారు 41 దగ్గరే ఆగిపోతుంది. తొలి వాద్యంలో తీగలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండటం జాక్సన్‌కు నచ్చలేదు. తర్వాత కెన్ స్మిత్, ఆపైన బ్రూక్లిన్‌లోని ఫోడెరా నిర్మాతలు ఆయన కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. విన్నీ ఫోడెరా, జోయీ లారిసెల్లా 1983లో స్థాపించిన ఆ కార్యశాలలో ఆయన వాద్యం 36 అంగుళాల తంత్రీ నిడివికి చేరింది. ఫెండర్ నిర్ణయించినది 34 అంగుళాలు. మందమైన తీగ వదులుగా కాక బిగువుగా మోగాలంటే నిడివి పెరగాలి. నిడివి పెరిగితే ఎడమచేతి వేళ్లు మరింత చాచాలి. జాక్సన్ ఆ శ్రమకు సిద్ధపడ్డాడు.

డబుల్ బాస్‌లో శిక్షణ పొందిన స్టాన్లీ క్లార్క్ 1970ల తొలినాళ్లలో అలెంబిక్ వాద్యాన్ని చేపట్టినప్పుడు, అందుకు పూర్తి వ్యతిరేక దిశలో, సుమారు 31 అంగుళాలలోపు చిన్న నిడివిని ఎంచుకున్నాడు. వేగంగా పలికే ఏకవాద్య రచనలకు, తీగలను గిటారులా మీటి తీగ సాగదీయడానికి అది అనువైనది. ఇద్దరిదీ ప్రత్యేక నిర్మిత వాద్యమే. ఒకరి వాద్యం మరొకరికి చాలావరకు నిరుపయోగం. ఇందులో ఏది ఉత్తమమన్న ప్రశ్నకు అర్థం లేదు. ఎవరి చేతికి, ఏ సంగీతానికి అన్న ప్రశ్నకే అర్థం ఉంది.

చేతులు మారినప్పుడు

ఇటువంటి వాద్యాన్ని రెండవ యజమానిగా కొనేవాడు నిజానికి కొంటున్నది మరొకరి చేతికొలతను. మరొకరికి కుట్టిన అంగీ తొడుక్కోవడం వంటిదే ఇది. మెడ మందం, నట్ దగ్గరి వెడల్పు, మీటే చోట తీగల మధ్య ఎడం, భుజానికి తగిలించినప్పుడు వాద్యం ఏ వైపు ఒరుగుతుందన్నది, ఇవన్నీ మొదటి యజమాని శరీరానికి సంబంధించిన నిర్ణయాలు. ఛాయాచిత్రంలో ఇవేవీ కనిపించవు. ఛాయాచిత్రంలో కనిపించేది పైచెక్క. అందువల్ల దూరప్రాంతాల మధ్య సాగే క్రయవిక్రయాలలో ధరను నిర్ణయించే శక్తి క్రమంగా చెక్క నారల అందానికి దక్కింది. కొకొబోలో, పర్పుల్‌హార్ట్, జీబ్రావుడ్ వంటి పేర్లు వాద్యం పేరుకన్నా ముందు వినిపిస్తాయి. అలంకారం రచనను మింగేసిన ప్రబంధాలను తెలుగు విమర్శ ఎరుగనిది కాదు.

చెక్క విషయంలో మరో చిక్కు ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం తొలి అనుబంధంలో, అంటే అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. ఆ చెక్క ఫింగర్‌బోర్డుగా ఉన్న పాత వాద్యం సరిహద్దు దాటాలంటే నిషేధానికి ముందు నాటిదని రుజువు చూపే అధికారిక పత్రాలు కావాలి. 2017 జనవరిలో రోజ్‌వుడ్ ప్రజాతి అంతా రెండవ అనుబంధంలోకి వచ్చింది. దక్షిణ భారత అడవుల్లో పెరిగే ఇరుగుడు, అనగా జిట్టేగి, అందులో భాగమే. ప్రపంచవ్యాప్తంగా ఎన్నో గిటార్ల ఫింగర్‌బోర్డులకు ఆధారం ఆ చెట్టే. 2019 చివరలో తయారైన వాద్యాలకు మినహాయింపు లభించింది గానీ అది బ్రెజిల్ చెక్కకు వర్తించదు. ఫలితంగా ఆ చెక్క ఉన్న వాద్యపు ధర మరింత పెరిగింది. ధ్వనిలో అంత తేడా ఉందా అన్న ప్రశ్న ఈ సందడిలో ఎవరికీ పట్టలేదు.

ఎలక్ట్రానిక్ భాగాలది వేరే కథ. అలెంబిక్ సిరీస్ బాస్‌లు పూర్తి సామర్థ్యంతో పలకాలంటే వాటితోపాటు ఇచ్చిన ప్రత్యేక విద్యుత్ పెట్టె కావాలి. అది పోయిన వాద్యం బ్యాటరీతో పలుకుతుంది కానీ రెండు పికప్‌లను వేర్వేరు మార్గాల్లో పంపే సదుపాయం పోతుంది. ఇంగ్లండ్‌లో ఇయాన్ వాలర్, పీట్ స్టీవెన్స్ నిర్మించిన వాల్ బాస్‌లలో పికప్ లోపల ప్రతి తీగకూ విడివిడిగా తీగచుట్లు ఉంటాయి. అందులో ఒకటి చెడితే బజారులో దొరికే పికప్‌తో పూరించడం కుదరదు. వాలర్ 1988లో, స్టీవెన్స్ 2011లో మరణించారు. పాల్ హెర్మన్ ఆ పనిని కొనసాగించడం వల్ల వాటికి మరమ్మతు చేసే చేయి మిగిలింది. అందరు నిర్మాతలకూ అటువంటి వారసుడు దొరకడు. కొత్త వాద్యం కోసం ఏళ్ల తరబడి వేచి ఉండవలసినచోట వాడిన వాద్యం కొత్తదానికన్నా ఎక్కువ ధర పలకడమూ జరుగుతుంది. అప్పుడు వాయించే ఉద్దేశం లేనివారు సైతం ఆర్డరు వరుసలో నిలబడతారు, వాయించేవాడి నిరీక్షణ మరింత పొడుగవుతుంది.

మార్పు: దోషమా, చరిత్రా?

కర్మాగార ప్రమాణం తన సొంత ఇంట్లోనే ఓడిపోయిన సందర్భం జాకో పాస్టోరియస్ బాస్. అది 1962 నాటి ఫెండర్ జాజ్ బాస్. దాని మెట్లు తీసేసి, ఖాళీలు పూడ్చి, పడవలకు వాడే ఎపాక్సీ పూతను ఫింగర్‌బోర్డు మీద పోశారు. ఒక దశలో అది ముక్కలై, మళ్లీ అతికించబడింది. 1986లో న్యూయార్క్‌లో దొంగిలించబడి, ఇరవై ఏళ్ల తర్వాత బయటపడింది. 2010లో మెటాలికా బాసిస్టు రాబర్ట్ ట్రుహియో డబ్బు చెల్లించడంతో యాజమాన్య వివాదం తీరింది. పాత వాద్యాల సేకర్త సూత్రాల ప్రకారం చూస్తే ఈ వాద్యానికి ఉండగల దోషాలన్నీ ఉన్నాయి. ఆ జాడలు లేకపోతే అది 1962 నాటి జాజ్ బాస్‌లలో మరొకటి మాత్రమే. కర్మాగారంలో పుట్టి, వాద్యకారుడి చేతిలో ప్రత్యేక నిర్మితంగా మారిన వాద్యమది.

ద హూ బృందపు జాన్ ఎంట్విసిల్ వాద్యకారుడూ, విరివిగా కొనే సేకర్తా. ఆయన మరణానంతరం 2003లో లండన్‌లో సదబీస్ సంస్థ ఆయన సేకరణను వేలం వేసింది. అందులో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అనే గులాబీ రంగు బాస్ 62,400 పౌండ్లు పలికింది. అది ఐదు విరిగిన బాస్‌ల ముక్కలతో 1967లో కూర్చినది. ఒక్క భాగమూ మారని వాద్యాన్ని కోరే విపణి, అన్ని భాగాలూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన వాద్యానికి అంత ధర ఎందుకిచ్చింది? ప్రసిద్ధుడి పేరు వల్లనని చెప్పి ఊరుకోవచ్చు. పేరు ఒక కారణమే. పేరు లేని వాద్యకారుడు చేసిన మార్పును మాత్రం అదే విపణి పాడుచేయడంగా లెక్కిస్తుంది. మార్పుకు అర్థాన్నిచ్చేది సంగీతమైతే, పేరున్నవాడి మార్పుకు ఒక న్యాయం, లేనివాడి మార్పుకు ఒక న్యాయం ఉండటం ప్రమాణం కాదు, సౌకర్యం.

ఇతర వాద్యాల సంప్రదాయాలు ఈ విషయంలో భిన్నంగా నడిచాయి. స్ట్రాడివరీ చేసిన వయొలిన్‌లలో దాదాపు అన్నింటికీ తర్వాతి కాలంలో మెడలు మార్చారు. వాటి విలువ అందువల్ల తగ్గలేదు. తెలుగు పాఠకుడికి మరింత దగ్గరి ఉదాహరణ వీణ. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో పనసమొద్దు నుంచి తొలిచే ఏకాండి వీణకు మైనంలో మెట్లు నిలిపి మేళం కడతారు. కాలక్రమంలో మైనం జారుతుంది, స్వరం తప్పుతుంది, మళ్లీ మేళం కట్టించాలి. కొత్త మేళం కట్టిన వీణ ‘అసలుతనం’ కోల్పోయిందని ఎవరూ అనరు. కట్టించని వీణనే నిర్లక్ష్యానికి గురైందంటారు. తాకకుండా ఉంచడమే సంరక్షణ అన్న భావం వాద్యాల సహజధర్మం కాదని, ఒక రకం సేకరణ నుంచి వచ్చిన అలవాటని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పాఠపరిష్కరణలో శిక్షణ పొందినవారికి ఈ సమస్య కొత్తది కాదు. అచ్చు పుస్తకం ప్రతులన్నీ ఒక్కటే. తాళపత్రం ప్రతి ఒక్కటీ వేరు. లేఖకుడి దిద్దుబాట్లు, అంచుల్లోని గుర్తులు, ఎవరి ఇంట ఏ అవసరానికి రాయించారన్న గద్య, ఇవన్నీ ఆ ప్రతి వాంగ్మూలాలు. వాటిని మరకలుగా భావించి తుడిచే సేకర్తను పండితుడు క్షమించడు. ప్రత్యేక నిర్మిత బాస్‌కు కూడా అటువంటి గద్య ఉంది: అది ఆర్డరు పత్రం. ఎవరు అడిగారు, ఏ నిడివి, ఏ వెడల్పు, ఏ బరువుకు మించకూడదన్నారు, మొదటి ప్రయత్నంలో ఏది నచ్చక తిప్పి పంపారు అన్నవి అందులో ఉంటాయి. అలెంబిక్ వంటి సంస్థలు క్రమసంఖ్య చెబితే నాటి నిర్మాణ వివరాలు వెతికి చెప్పే ఆచారాన్ని నిలుపుకున్నాయి. ఒంటరి నిర్మాతల విషయంలో ఆ సమాచారం తరచుగా ఒక నోటుపుస్తకంలోనో, ఒకరి జ్ఞాపకంలోనో ఉంటుంది. కార్యశాల మూతపడితే దానితోపాటే పోతుంది.

ఈ పత్రానికి సేకరణలో ఇప్పుడున్న స్థానం అమ్మకపు ప్రకటనల క్రమంలోనే కనిపిస్తుంది. ముందు పైచెక్క పేరు, తర్వాత నిర్మాత పేరు, గీతలు లేవన్న హామీ, బరువు. నట్ వెడల్పు చివర్లో వస్తుంది, కొన్నిసార్లు అడిగితేనే వస్తుంది. ఆ వెడల్పును తొలి యజమాని ఎందుకు కోరాడన్నది అడిగినవారికీ సాధారణంగా దొరకదు.